పరుపు మీద వంతు

గోడకు అంటించిన కాగితంలో పదకొండు పేర్లున్నాయి. రాజకుమారి వాటిని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి మరోసారి చదివింది. రెండోసారి చదివినంత మాత్రాన లేని పేరు పుట్టుకురాదని ఆమెకు తెలుసు. అయినా మనసు ఊరుకోదు కదా.

అప్పటికే తొంభై కేజీల బార్ భుజాల మీద పెట్టుకుని, గొంతుక్కూర్చుని లేవడం ఐదేసిసార్ల చొప్పున ఐదు దఫాలు పూర్తిచేసింది. తొడలు రెండూ తనవి కానట్టున్నాయి. బల్లమీద కూర్చుంటే లేవలేనేమోనని గోడకు చెయ్యి ఆనించి నిలబడే ఉంది. చేతికున్న సుద్దపొడి కాగితం అంచుకు అంటింది.

చినగెడ్డవలస వ్యాయామశాల అంటే పెద్దదేం కాదు. బడి వెనకాల రేకుల షెడ్డు, నాలుగు చెక్క వేదికలు, తుప్పు గీకి రంగేసిన ప్లేట్లు. రామతీర్థం వెళ్లే దారిలో ఇలాంటి షెడ్డు నుంచి జాతీయ పోటీలకు వెళ్లినవాళ్లున్నారంటే పొరుగూరివాళ్లు నమ్మరు. ఆ షెడ్డుకి రెండువారాల కిందట ఒక వింత వచ్చింది. విశాఖలో స్థిరపడ్డ ఊరి డాక్టరు ఒకాయన పంపించాడు. చూడ్డానికి నీలంరంగు పరుపు. లోపల తీగచుట్టలున్నాయి, పక్కనే మీటలున్న డబ్బా. స్విచ్ వేస్తే టిక్ టిక్ మంటుంది. వేడెక్కదు, షాక్ కొట్టదు. గట్టి కసరత్తు చేశాక దాని మీద పావుగంట పడుకుంటే విద్యుత్ అయస్కాంత తరంగాలు కండల్లోకి వెళ్లి నొప్పి తగ్గిస్తాయనీ, ఒళ్లు తొందరగా తేరుకుంటుందనీ ఫిజియోథెరపీ చూసే ఉష మొదటిరోజు చెప్పింది. పిల్లలకు అంత పేరు నోరు తిరగలేదు. మేగ్నెట్ పరుపు అనేశారు.

సాయంత్రం మూడు గంటలు, మనిషికి పావుగంట. మొత్తం పన్నెండు వంతులు, పదకొండు పేర్లు. భారతి పేరు రెండుచోట్ల ఉంది.

"మేస్టారూ, నా పేరు నేదేటండి?" అనడిగింది రాజకుమారి.

నరసింగరావు మేస్టారు ప్లేట్లు సర్దుతూ తల తిప్పాడు. "నీకెందుకమ్మా అది? ఎదిగే పిల్లలకి. నువ్వు బిడ్డ తల్లివి. ఇంటిపని, పొలంపని సేసి నీ ఒళ్లు ఎప్పుడో రాటుదేలిపోయుంటాది."

"ఆదివారం నానూ భారతీ ఒక్క తరగతిలోనే కదండీ ఎత్తుతాం?"

"అందుకే గదా సెప్తన్నాను. ఆశ దానిమీద ఉన్నాది. పంతొమ్మిదేళ్ల పిల్ల. డాక్టరుబాబు ఫోన్ సేసి అడుగుతాడు, ఎవలికి పన్జేసింది, ఎవలు పతకం తెచ్చినారూ అని. నానేటి సెప్పాల?"

నరసింగరావు చెడ్డవాడు కాదు. కూతురు పుట్టాక మూడేళ్లు ఆట మానేసిన రాజకుమారి మళ్లీ గుమ్మంలో నిలబడ్డ రోజున పొమ్మనలేదు. ఖాళీ బార్ చేతికిచ్చి మూలనున్న వేదిక చూపించాడు. అయితే ఇరవయ్యెనిమిదేళ్ల కోడలి మీద ఊరెంత ఆశ పెట్టుకుంటుందో ఆయనా అంతే పెట్టుకున్నాడు. చెడ్డతనం లేకుండా చేసే అన్యాయానికి ఎదురు చెప్పడం మహా కష్టం.

ఆదివారం విజయనగరంలో జిల్లా ఎంపిక. యాభై ఎనిమిది కేజీల తరగతిలో రాష్ట్రం పోటీలకు వెళ్లేది ఒక్కరే. భారతి ఓడినా వచ్చే ఏడాదుంది, ఆపై ఏడాదుంది. రాజకుమారికి ఇదే ఆఖరు. అత్త జగ్గమ్మ తేల్చి చెప్పేసింది. "ఈ ఉభాలు అయ్యేలోగా తేల్చుకో. గెలిస్తే సరి. నేదంటే ఆ ఇనుము అక్కడే ఒగ్గేసి ఇంటిపని సూసుకో" అంది. మొగుడు ధర్మేంద్ర ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను దమ్ము ట్రాక్టరు తోలి తోలి వచ్చి, అన్నంలో పప్పు కలుపుకుంటూ "అమ్మ సెప్పింది గదా" అన్నాడు.

మర్నాడు గురువారం. ఉభాలంటే వరినాట్లు. గెడ్డ కాలువకు నీరొచ్చిందంటే ఊళ్లో ఆడవాళ్లెవరికీ నడుం నిలువుగా ఉండదు. జగ్గమ్మ మడిలో ఎనిమిదిమంది వరసగా వంగి, ఎడంచేతిలో ఆకుకట్ట పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో మూడేసి మొక్కలు బురదలోకి నొక్కుతూ వెనక్కి నడుస్తున్నారు. వెనక్కి నడిచే ప్రతి అడుగుకీ బురదలోంచి కాలు పీకాలి. మామూలు రోజుల్లో రాజకుమారికి అది ఒక లెక్కలోది కాదు. ఆవేళ ఒక్కొక్క అడుగుకీ తొడల్లో ఎవరో తాడు పేనుతున్నట్టుంది. నాటు వరస వంకర తిరిగింది.

"ఏటే కోడలా! అంతంత ఇనుము ఎత్తీదానివి, మూడు గడ్డిపోసలు బరువైపోనాయేటి?" పక్క వరసలోంచి బుల్లమ్మ అంది. అందరూ నవ్వారు. రాజకుమారి కూడా నవ్వబోయింది గానీ, నవ్వుకి కూడా కడుపు కండలు కావాలని అప్పుడే తెలిసింది.

అన్నాల వేళ గట్టెక్కారు. చోడి అంబలి గిన్నె అందుకుని కూర్చోబోయింది రాజకుమారి. మోకాళ్లు సగం వంగాక తొడలు పట్టుకోలేదు. దబ్బున కూలబడింది. సగం అంబలి గడ్డి మీద ఒలికింది.

జగ్గమ్మ ఆ అంబలిని చూసి, తర్వాత కోడల్ని చూసింది. "ఏటా కూకోడం?"

ఆ గొంతులో జాలుందో విసుగుందో పోల్చుకోవడం రాజకుమారికి ఆరేళ్ల కాపురంలో చేతకాలేదు. ఉక్రోషం ఆగక చెప్పేసింది. పరుపు సంగతి, కాగితం సంగతి, భారతికి రెండు వంతుల సంగతి. "నానూ అంతే ఎత్తుతన్నాను కదా అత్తా. వోళ్లు ఎత్తి తొంగుంటారు. నాను ఎత్తి ఉభాలకొస్తన్నాను. ఆ పావుగంట కూడా నాకు కాదంట" అనేసి ముక్కు చీదుకుంది.

జగ్గమ్మ తన గిన్నెలోది కొంచెం కోడలి గిన్నెలో వంచింది. "అది ఎట్టుకుంటే నొప్పి పోతాదా?"

"తగ్గుతాదంట."

"మోకాలినొప్పి?"

"అదీ తగ్గుతాదేమో" అంది రాజకుమారి, ఆలోచించకుండా.

జగ్గమ్మ గిన్నె పక్కన పెట్టింది. ఎడమ మోకాలి మీద అరచెయ్యి ఆనించి, పళ్లు బిగబట్టి లేచి మడిలోకి దిగింది. ఆ మోకాలు నలభయ్యేళ్ల బట్టి అలాగే మడిలోకి దిగుతోంది.

సాయంత్రం షెడ్డులో రాజకుమారి బార్‌కి ప్లేటు ఎక్కిస్తూ గుమ్మంకేసి చూసి కొయ్యబారిపోయింది. జగ్గమ్మ వచ్చింది. చీర అంచుకింకా మడిబురద ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ ఈ షెడ్డు ఛాయలకు రాలేదు. గొడవ పెట్టడానికే వచ్చింది, ఆదివారం దాకా కూడా ఆగనివ్వదు అనుకుంది రాజకుమారి. నరసింగరావుకీ అదే భయం కలిగినట్టుంది. గబగబా ఎదురెళ్లాడు.

"రా పిన్నీ, రా. ఏటిలగొచ్చినావు?"

"మీకాడ ఏదో పరుపొచ్చిందంట గదా. సూద్దారనొచ్చాను."

గొడవ కాదు, పరుపు! మేస్టారికి ప్రాణం లేచొచ్చింది. స్వయంగా వెనకగదికి తీసుకెళ్లాడు. ఉష స్టూలు మీంచి లేచింది. ఆ అమ్మాయిది నరసన్నపేట. ముసలివాళ్లతో మాట్లాడ్డమంటే సరదా.

"గుండెలో మిషనేదైనా పెట్టించుకున్నారా అమ్మా?"

"గుండెలో మొగుడే లేడు, మిషనేటే?"

గదిలో ఉన్న కుర్రాళ్లంతా గొల్లుమన్నారు. ఒంటిమీద లోహమేదీ ఉండకూడదని ఉష చెబితే, జగ్గమ్మ చేతి కడియాలు సబ్బు రాసుకుని మరీ తీసింది. నీలంపరుపు మీద వెల్లకిలా పడుకుంది. ఉష మోకాళ్ల కింద ఇంకో చిన్నమెత్త కట్టి మీట తిప్పింది. టిక్ టిక్ మొదలైంది.

"ఏటీ తెలీడం నేదేటి?"

"తెలీదమ్మా. అంతే."

"కరెంటు పోనాదేమో సూడు."

మళ్లీ నవ్వులు. పావుగంటయ్యాక జగ్గమ్మ లేచి నిలబడి, మోకాలు ఒకటికి రెండుసార్లు మడిచి చూసుకుంది. మొహంలో ఆశ్చర్యం కనిపించింది. "బాగున్నాదర్రా" అంది. రోజూ కొన్నాళ్లు వస్తేనే తేడా తెలుస్తుందని ఉష చెప్పింది.

నరసింగరావు పొంగిపోయాడు. ముసలావిడని మంచిచేసుకుంటే ఇంట్లో కోడలికి కూడా తెరిపి కదా అనుకున్నాడో ఏమో. "రేపూ రా పిన్నీ. గోపిగాడు పరీక్షకని శ్రీకాకుళం ఎల్లినాడు. ఆదివారం దాకా రాడు. ఆడి పావుగంట నీదే" అంటూ జేబులోంచి పెన్ను తీసి, గోడమీద కాగితంలో గోపి పేరు కొట్టేసి జగ్గమ్మ అని రాశాడు.

తలుపుదగ్గర నిలబడ్డ రాజకుమారి అదంతా చూసింది. గోపి వంతు ఖాళీ అయిందన్నమాట. ఖాళీ అయిన ఆ వంతు కూడా తన పేరుమీదికి రాలేదు. జన్మలో బార్ ముట్టుకోని అత్తపేరు మీదికి వెళ్లింది. ఆ క్షణాన మేస్టారి మీద కంటే అత్త మీదే ఎక్కువ కోపమొచ్చింది. నొప్పి సంగతి నేనే చెప్పాను, ఈవిడ తన మోకాళ్ల కోసం పరుగెత్తుకొచ్చింది అనుకుంది. ఇంటికెళ్లేదారంతా నాలుగడుగులు ముందే నడిచింది. 

శుక్రవారం పొద్దున్న నుంచీ అత్తాకోడళ్ల మధ్య పనిమాటలు తప్ప లేవు. మధ్యాహ్నం జగ్గమ్మ పార భుజాన వేసుకుని కాలువకు వెళ్లింది. ఆవేళ గెడ్డ నీళ్లు వాళ్ల వంతు. రాజకుమారి షెడ్డుకెళ్లి మేస్టారు చెప్పినట్టు తేలికబరువులే ఎత్తింది. తేలికవి కూడా బరువుగానే ఉన్నాయి. అరవై కేజీల బార్ ఛాతీ దగ్గరకొచ్చాక కాళ్లు అక్కడే ఉండిపోయాయి. పక్క వేదిక మీద భారతి అరవయ్యెనిమిది కేజీలు ఒకే ఊపున తలమీదికి తెచ్చే స్నాచ్ ఎత్తి చేతులు దులుపుకుంది.

ఐదున్నర దాటింది. జగ్గమ్మ భుజాన పారతోనే షెడ్డుకొచ్చింది. కాళ్లు మోకాళ్లదాకా తడి. నేరుగా గోడదగ్గరికెళ్లి నిలబడింది. చదువు రాదు, అయినా మేస్టారు నిన్న ఎక్కడ రాశాడో ఆ చోటు గుర్తుంది. దానిమీద వేలు పెట్టింది.

"మేస్టారూ, ఈ పావుగంట ఎవలిది?"

"నీదే పిన్నీ. పేరు రాసినాను గదా. ఎల్లి తొంగో."

"నాదే గదా. అయితే మా కోడలికిస్తన్నాను. ఒలే రాజకుమారీ, బేగి రా."

రాజకుమారి చేతిలో బార్ అలాగే ఉంది. సరిగా విన్నానా అనుకుంది. నరసింగరావు తేరుకుని చెయ్యి అడ్డంగా ఊపాడు. "అలగ కుదర్దు పిన్నీ. నీకని రాసింది నువ్వే వాడుకోవాల."

"వంతు మనిషికి రాస్తారేటి బాబూ, ఏ ఊర్లోనైనా? ఇంటికి రాస్తారు." జగ్గమ్మ పార దించి నేలకు ఆనించింది. "మొన్న మంగళారం గెడ్డనీళ్లు నీ వంతు. మదుం కాడ పారట్టుకుని నిల్సున్నదెవలు? నువ్వా? మీ బావమరిది. ఇది నరసింగరావు వంతు, నువ్వెవడివిరా అని నానేటైనా అన్నానా? ఆడి సేతిలోది లాగీసినానా?"

 కాలువనీళ్ల వంతు గురించి ఆ ఊళ్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వంతు ఇంటిది. ఇంటాయన మంచానపడితే తమ్ముడు, తమ్ముడు లేకపోతే బావమరిది, అల్లుడు, ఎవరొచ్చి మడికి నీళ్లు వదిలే మదుము దగ్గర నిలబడ్డా ఎందుకని అడగరు. వేళకు ఆ ఇంటిమనిషి అక్కడుండాలి, అంతే. లేకపోతే నీళ్లు కిందిమడికి పోతాయి. గట్టు తగువులకు కోర్టుదాకా వెళ్లినవాళ్లున్నారు గానీ, ఈ మాట తప్పినవాళ్లు లేరు.

"అది నీళ్లు పిన్నీ. ఇది కరెంటు" అన్నాడు నరసింగరావు. ఆ మాట ఆయనకే నీరసంగా వినిపించింది.

"వంతు వంతే. వేళకొచ్చాను, ఇక్కడే ఉన్నాను. కాదంటే సెప్పు. రేపు నీ వంతునాడు మదుం కాడ నానూ అలగే అడుగుతాను."

మేస్టారు కళ్లద్దాలు తీసి బనీనుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. ఆయన మడిలో ఇంకా ముప్పాతిక తడవాల్సి ఉంది. ఈలోగా భారతి వేదిక మీంచే అంది, "మేస్టారూ, అప్పని తొంగోనీండి." ఆ వైపు అక్కని అప్ప అంటారు. ఆ పిల్ల ఆ మాట అంటుందని ఎవరూ అనుకోలేదు.

"సరే" అన్నాడు నరసింగరావు. చివరికి ఆయనకే నవ్వొచ్చింది. "సరేనే పిన్నీ. నీతో నానెక్కడ తూగుతాను!"

వెనకగదిలో ఉష, "మెడలోది కూడా తియ్యాలక్కా" అంది. రాజకుమారి చెయ్యి పుస్తెలతాడు దాకా వెళ్లి ఆగిపోయింది. కిందటేడు బార్‌కి తగులుతోందని దాన్ని తీసి సంచిలో పెట్టిందని తెలిసి జగ్గమ్మ ఇల్లు పీకి పందిరేసింది. అప్పట్నుంచీ పిన్నీసుతో జాకెట్టుకు గుచ్చుకుని ఎత్తుతోంది. ఇప్పుడు జగ్గమ్మే దగ్గరికొచ్చి పిన్నీసు విప్పి, తాడు తలమీంచి తీసి, తన కొంగున ముడేసి బొడ్లో దోపుకుంది. "నా కాడుంటాది. తొంగో" అంది.

రాజకుమారి పడుకుంది. తొడల చుట్టూ మెత్తలు కట్టారు. టిక్ టిక్. వేడి లేదు, జిల్లు లేదు. ఏమైనా అవుతోందా అని కాసేపు ఒళ్లంతా చెవులు చేసుకుంది. తర్వాత ఇంకో సంగతి తోచింది. ఇంకా పొద్దుండగానే తను పడుకుని ఉంది. ఎవరూ పిలవడం లేదు. పొయ్యి మీద ఏదీ మాడిపోవడం లేదు. లేవమనేవాళ్లెవరైనా ఉంటే అది అత్తే, ఆ అత్తే తలుపుదగ్గర పారకు గడ్డం ఆనించుకుని కాపలా ఉంది. పెళ్లయ్యాక ఇలా ఎప్పుడు పడుకున్నాను అని ఆలోచిస్తూ, జవాబు దొరకకుండానే నిద్రపోయింది.

పావుగంటకు టిక్ టిక్ ఆగింది. తర్వాతిది భారతి రెండో వంతు. ఉష లేపబోతే భారతి పెదవి మీద వేలు పెట్టి, పరుపు పక్కనే నేలమీద కాళ్లు జాపుకుని కూర్చుంది. రాజకుమారి లేచేసరికి ఇంకో పావుగంట గడిచింది.

"నిజంగా ఇది పన్జేస్తాదా?" తాడు కోడలి మెళ్లో వేస్తూ జగ్గమ్మ ఉషని అడిగింది.

"కొందరికి నొప్పి బాగానే తగ్గుతుందమ్మా. ఏం తేడా లేదన్నవాళ్లూ ఉన్నారు. చదువుకున్నవాళ్లే ఇంకా పరీక్షలు చేస్తున్నారు. నాకు తెలిసింది ఒకటే. నిద్రా తిండీ లేకపోతే ఇదొక్కటీ ఏమీ చెయ్యలేదు."

జగ్గమ్మ తలూపింది. దార్లో ఈసారి ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

"నిన్ననే ఇలగ అనుకున్నావా అత్తా?" అని అడిగింది రాజకుమారి.

"నేదే. నిన్న నా మోకాలికోసమే ఎల్లాను. అబద్దమెందుకు?" జగ్గమ్మ పార భుజం మార్చుకుంది. "రేత్రి సుకంగా నిద్దరట్టింది. ఎన్నాళ్లయ్యిందో అలగ తొంగుని. పొద్దున్న లెగిసి అనుకున్నాను, పని దిగిపోతన్న ముసిల్దానికే ఇంత సుకమైతే, పనికెక్కాల్సిన దానికి ఎంత గావాలీ అని. నువ్వేమో మొకం మాడ్సుకుని తిరగతన్నావు."

రాజకుమారికి నిన్న నాలుగడుగులు ముందు నడిచిన దారి గుర్తొచ్చి సిగ్గేసింది. అత్త చేతిలోంచి పార తీసుకోబోయింది. జగ్గమ్మ ఇవ్వలేదు. "ఎల్లుండిదాకా నువ్వు ఇంకేటీ మొయ్యకు" అంది.

శనివారం ఉభాల్లో రాజకుమారి వరస జగ్గమ్మా బుల్లమ్మా చెరిసగం పంచుకున్నారు. రాజకుమారి మూడుపూటలా తిని, మధ్యాహ్నం కూతుర్ని పక్కలో వేసుకుని పడుకుంది. సాయంత్రం జగ్గమ్మ వేళకు షెడ్డు గుమ్మంలో హాజరు. కాగితం మీద వేలుపెట్టడం, "నాదే గదా" అనడం, మేస్టారు దండం పెట్టడం. కుర్రాళ్లకు అదొక వేడుకైపోయింది.

ఆదివారం విజయనగరంలో ఎంపిక జరిగే హాలు ఉదయానికే నిండింది. ధర్మేంద్ర కూతుర్ని చూసుకుంటూ ఇంటిదగ్గర ఉండిపోయాడు. జగ్గమ్మ ఉతికిన చీర కట్టుకుని మొదటి ఆటోలోనే వచ్చింది. జన్మలో పోటీ చూసిన మనిషి కాదు. ముందువరసలో కూర్చుని, ఎవరెత్తినా నోరు తెరిచి చూస్తోంది.

రాజకుమారి కాళ్లలో నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మూడురోజుల కిందటి మొరాయింపు లేదు. గొంతుక్కూర్చుంటే కూర్చుంటున్నాయి, లెమ్మంటే లేస్తున్నాయి. పరుపు పుణ్యమో నిద్ర పుణ్యమో తేల్చే ఓపిక ఆమెకు లేదు.

స్నాచ్‌లో భారతి డెబ్భై ఎత్తింది. రాజకుమారి అరవయ్యేడు దగ్గర ఆగింది. మూడు కేజీలు వెనక. ఇక క్లీన్ అండ్ జెర్క్; రెండు ఎత్తులూ కలిపి ఎవరిది ఎక్కువైతే వాళ్లే గెలిచినట్టు. ఎనభై రెండు ఇద్దరూ ఎత్తారు. ఎనభై ఐదు ఇద్దరూ ఎత్తారు. భారతి మూడోసారి ఎనభై ఎనిమిదికి వచ్చింది. ఛాతీమీదికి తెచ్చింది, లేచింది, తలమీదికి నెట్టింది. మోచెయ్యి వణికి బార్ ముందుకు పడింది. ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుని వేదిక దిగింది.

నరసింగరావు ఇద్దరికీ గురువే. భారతి వీపు తట్టి, చీటీ పట్టుకుని రాజకుమారి దగ్గరికొచ్చాడు. "ఎంత రాయమంటావు?"

"ఎనభై తొమ్మిది."

ఆయన పెన్ను ఆగింది. "ఎనభై ఆరు దాటి నువ్వెప్పుడూ ఎత్తనేదమ్మా."

"ఎనభై ఎనిమిదెత్తితే ఇద్దరం సమానమే గదండీ. ముందెత్తిన భారతికే పోతాది. తొమ్మిదే రాయండి."

మేస్టారు ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. ఆ చూపులో ఇన్నాళ్లూ లేనిదేదో ఉంది. ఎనభై తొమ్మిది అని రాసి, పరుగున బల్లదగ్గరికెళ్లి ఇచ్చొచ్చాడు.

రాజకుమారి సుద్దపొడి రాసుకుంది. అరచేతులు దులిపింది. బార్ దగ్గర నిలబడి పాదాలు సర్దుకుంది. ఇక్కడ ఓడితే రేపట్నుంచి ఈ ఇనుము చల్లదనం చేతికి తగలదు. ఆ ఆలోచన వచ్చింది, వచ్చినదాన్ని అలాగే ఉండనిచ్చింది. వంగింది. పట్టింది.

బార్ నేల వదిలింది. మోకాళ్లు దాటింది. ఒక్క కుదుపుతో దాని కిందికి దూరి, గొంతుక్కూర్చుని భుజాల మీదికి పట్టింది. అదే చోటు. బుధవారం నుంచీ భయపెడుతున్న చోటు. ఒక లిప్త అక్కడే ఆగిపోయింది.  "లెగవే!" అని ఒక గొంతు గట్టు అవతలివాళ్లని పిలిచినట్టు కేక పెట్టింది. తొడలు పట్టుకున్నాయి. లేచింది. రెండుసార్లు ఊపిరి తీసుకుని, కాళ్లు ముందుకొకటి వెనక్కొకటి చీల్చి తలమీదికి నెట్టింది. మోచేతులు బిగిశాయి. ముందుకాలు వెనక్కి, వెనకకాలు ముందుకి తెచ్చి నిటారుగా నిలబడింది. గంట మోగింది. రాజకుమారి బార్ వదిలేసింది. ఎనభై తొమ్మిది కేజీలు దభీమని చెక్కమీద పడి ఎగిరాయి.

"ఓలమ్మో, పడీసినాదే!" జగ్గమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తలమీది పంటమోపు అలా నేలకేసి కొట్టిన ఆడది ఆ ఊళ్లో లేదు. మోపు కల్లంలో మెల్లగా దించాలి. దారిలో జారితే ఆ పూట నలుగురిలో తలెత్తుకోలేరు. అంతా అయిపోయిందనుకుని ఆవిడ కళ్లనీళ్లు పెట్టేసుకుంది.

నరసింగరావు పరుగెత్తుకొచ్చి ఆవిడ భుజాలు పట్టి కుదిపాడు. "పడీడం కాదు పిన్నీ! ఎత్తినాక అలగే ఒగ్గీయాల. అటు సూడు, జడ్జీలవి మూడూ తెల్ల దీపాలే. గెలిసింది! నీ కోడలు గెలిసింది!"

"గెలిసిందా? పడీసినా గెలిసిందా?"

"గెలిసిందే!"

జగ్గమ్మ దీపాలకేసి చూసింది, వేదికకేసి చూసింది. ఆపై ఆవిడ వేసిన కేకకు మైకు పట్టుకున్నాయన ప్రకటన మధ్యలో ఆపేశాడు. వేదికకు అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరి, మోకాలి సంగతే మర్చిపోయి, కోడలి దగ్గరికి పరుగెత్తింది. సుద్దపొడి చేతుల్ని పట్టుకుని కళ్లకద్దుకుంది. అప్పటికే భారతి వచ్చి రాజకుమారి మెడ కావిలించుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. "రాష్ట్రంలో పతకం తేవాలప్పా" అంది.

బల్లదగ్గర రాష్ట్రం పోటీలకు వెళ్లేవాళ్ల పేర్లు రాస్తున్నారు. నరసింగరావు అక్కడే నిలబడి, జగ్గమ్మను ఆటపట్టించాలని కాబోలు, కొంచెం భయంతోనూ కాబోలు, "పోటీలు నవంబరులోనంట పిన్నీ. సరిగ్గా కోతలప్పుడు. నీ కోడలు నెల్లాళ్లు పనికి రాదు. మరేటంటావు? పేరు రాయించీమంటావా?" అన్నాడు.

రాజకుమారి అత్తకేసి చూసింది. గెలుపు గెలుపే గానీ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ తెల్లదీపాలు కాదు.

జగ్గమ్మ మేస్టారికేసి ఎగాదిగా చూసింది. "కొయ్యడానికి నానున్నాను, నా కొడుకున్నాడు, బుల్లమ్మున్నాది. అది ఎత్తడానికి మా ఇంట్లో ఇదొక్కర్తే ఉన్నాది. రాయి" అంది.

రాజకుమారికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. బల్లదగ్గరాయన పేరూ ఇంటిపేరూ అడిగితే, ఆ రెండూ కోడలికంటే ముందు జగ్గమ్మే హాలంతా వినపడేలా చెప్పింది.